దూడకని తెచ్చిన ఉలవకట్టు

కడప జిల్లాలో చలేముంటుందిలే అని కోస్తా వాళ్ళు నవ్వుతారు. నవ్వుకోనీ. మార్గశిరంలో తెల్లవారుజామున ఎర్రమల కొండల మీది నుంచి దిగే చలిని వాళ్ళు ఎరగరు. మంచు లేదు, తడి లేదు, ఉత్త పొడి చలి. దుప్పటి కప్పుకుంటే బయట నిలబడేది కాదు, మనతో పాటే లోపల దూరి పడుకునే రకం. దాన్ని వెళ్ళగొట్టాలంటే కడుపులోకి వేడిగా, చిక్కగా ఏదో ఒకటి పోవాలి.

ఇప్పుడు నేను ప్రొద్దుటూరులో ఉంటున్నాను. కింద బంగారు అంగళ్ళు, పైన మా వంటిల్లు. చలి మొదలైతే నా పొయ్యి మీది నుంచి కుండ దిగదు. ఒక రోజు ఉలవకట్టులో కొర్రలు వేసి ఉడికిస్తాను. ఒక రోజు మేక బొమికలు మిరియాలతో ఉడకబెట్టి, దించే ముందు రాగిపిండి నీళ్ళలో కలిపి పోస్తాను. చారు చిక్కబడి పెదవులకు అంటుకుంటుంది. ఇంకో రోజు గుమ్మడికాయ, అలసందలు, జొన్ననూక. మొన్న మా కోడలు సూపర్ మార్కెట్టు నుంచి ఒక సూపు పొట్లం తెచ్చి, "అత్తమ్మా, దీంట్లో గ్లూటెన్ లేదంట, మీకు పడుతుంది" అంది. గ్లూటెన్ అంటే గోధుమలో ఉండే జిగట. గోధుమ ముట్టకుండానే ముసలిదాన్నయిన మనిషిని నేను. తాతకు దగ్గులు నేర్పినట్టుంది. పిల్ల ప్రేమగా తెచ్చింది కాబట్టి నవ్వి ఊరుకున్నాను.

కుండ మూత తీసి ఆవిరిలో ముఖం పెడతాను. కళ్ళు వాటంతట అవే మూసుకుంటాయి. మూసుకుంటే ఇక ప్రొద్దుటూరు ఉండదు. కింద ఆటోల హారన్లు మెల్లగా ఎద్దుల మెడగంటలైపోతాయి. నాకు మళ్ళీ ఏడెనిమిదేళ్ళు. గోడ వారగా చాప మీద పడుకుని ఉంటాను. నా పక్కన ఒక దూడ వెచ్చగా ఊపిరి వదులుతూ ఉంటుంది.

మా ఊరు జమ్మలమడుగు నుంచి పులివెందుల పోయే దారిలో, రోడ్డు దిగి కొంత దూరం నడవాలి. నాయన ఊరి బడిలో అయ్యవారు. మేం క్రైస్తవులం. ముత్తాతల కాలంలో మిషన్ దొరల దగ్గర అక్షరాలు నేర్చుకుని వాక్యాన్ని నమ్ముకున్న కుటుంబం. పెద్దవీధి ముగిసి మా వాళ్ళ పాలెం మొదలయ్యే చోట మాకు ఒక మిద్దె అద్దెకు దొరికింది. మా గడపకు ఎదురుగా ఒక పెద్ద రైతు కుటుంబం వాళ్ళ ఎద్దుల కొట్టం. వాళ్ళ తలవాకిలి పెద్దవీధిలో ఉండేది, మాకు కనబడేది దొడ్డివాకిలి. ఇంటికి కొడుకు పెద్ద అయినా కొట్టానికి పెద్ద అతని తల్లే. ఎద్దుల దగ్గర ఆమె మాటకు ఎదురు లేదు. నేను ఆమెను ఎద్దులవ్వ అనేదాన్ని.

చలికాలం వస్తే కొట్టం ముందర మూడు రాళ్ళ పొయ్యి మీద పెద్ద బానలో ఉలవలు ఉడికేవి. ఉడికిన ఉలవలు ఎద్దులకు, వంపిన నీళ్ళు ఊరికి. అదీ మా వైపు మర్యాద. ఎర్రగా, చిక్కగా ఉండే ఆ నీళ్ళనే ఉలవకట్టు అంటారు. దాన్ని ఎవరూ అమ్మరు, ఎవరూ కొనరు. పారబోస్తే మాత్రం ఎద్దులకు మంచిది కాదని అవ్వ నమ్మకం. వీధిలో వాళ్ళు, పాలెంలో వాళ్ళు చెంబులు పట్టుకుని వస్తే ముంతతో పైనుంచి పోసేది. పాలెం చెంబులకు ఇంకొంచెం ఎత్తు నుంచి పోసేది. ఆ ఎత్తు ఎందుకో మాకు చిన్నప్పుడే తెలుసు. వాళ్ళు ఇచ్చింది మేం తినొచ్చు, మేం వండింది వాళ్ళు ముట్టరు. దాని మీద కోపం నాకు ఇప్పటికీ పోలేదు. ఆ కట్టు రుచి కూడా పోలేదు. ఏం చేసేది.

ఆ రోజుల్లో నేను చిక్కి సగమైపోయాను. కాళ్ళూ చేతులూ పుల్లలు, కడుపు మాత్రం ఉబ్బి కడవంత. ఏం తిన్నా ఇమడదు. నాకంటే ముందు పుట్టిన అన్న ఒకడు అచ్చం ఇట్లాగే ఎండిపోయి, ఒక చలికాలంలో చనిపోయాడు. అందుకే నేను కంచం పక్కకు నెట్టినప్పుడల్లా అమ్మ ముఖం పాలిపోయేది. నేను కూడా దక్కనని ఆమె భయం. నాకు భయం తెలియదు, నిద్ర తెలుసు. ఎప్పుడూ మగతగానే ఉండేది, పట్టపగలే కలలు వచ్చేవి.

ఇక మా వాళ్ళు చేసిన ఘనకార్యం చెప్పాలి. జబ్బు మనిషికి బ్రెడ్డు పెట్టాలన్నది మనవాళ్ళకు వేదవాక్కు. ఎవరు మొదలుపెట్టారో తెలియదు. నన్ను చూడటానికి వచ్చిన ప్రతివాళ్ళ చేతిలోనూ ఒక బ్రెడ్డు, నాలుగు బత్తాయిలు. పాస్టరయ్య ప్రార్థన చేసి బ్రెడ్డు ఇచ్చి పోయేవాడు. పులివెందుల నుంచి అమ్మమ్మ బస్సు దిగితే సంచి అడుగున ఉలవలు, కొర్రలు, వాటి పైన నలగకుండా బ్రెడ్డు. అమ్మ పాలలో ముంచి ముంచి తినిపించేది. నేను ఇంకా చిక్కేదాన్ని. ఇంకా చిక్కానని ఇంకో బ్రెడ్డు. బడిలో మధ్యాహ్నం పెట్టే గోధుమరవ్వ ఉప్మా సరేసరి. ప్రేమతోనే నన్ను పైకి పంపేవాళ్ళు పాపం.

చివరికి ప్రొద్దుటూరులో ఒక డాక్టరమ్మ నా కనురెప్పలు తిప్పి చూసి, నేనేమేం తింటున్నానో అంతా విని, "ముందు ఆ బ్రెడ్డు ఆపండమ్మా" అంది. బ్రెడ్డు, బిస్కెట్టు, రవ్వ, మైదా, గోధుమ ఉన్నదేదీ ఈ పిల్లకు పడదు, ఎప్పటికీ పడదు అంది. మరి ఏం పెట్టాలని అమ్మ ఏడుస్తూ అడిగితే, "మీ చేలల్లో ఏం పండుతాయో అవే పెట్టండి. చిక్కగా కాచి, వేడివేడిగా, కొంచెం కొంచెం తాపండి" అంది. ఈ చలికాలం గట్టెక్కితే పిల్ల బతుకుతుందని కూడా అంది. ఆ చివరి మాట నాకు వినబడలేదనుకున్నారు.

అమ్మ అన్నీ చేసి చూసింది. బియ్యపు గంజి కక్కాను. పాలు కక్కాను. ఎద్దులవ్వ పోసిన కట్టులో గుప్పెడు కొర్రలు మెత్తగా ఉడికించి, వెల్లుల్లి నలగ్గొట్టి వేసి ఇస్తే, అది కడుపులో నిలిచింది. ఆ రోజు అమ్మ పొయ్యి ముందరే మోకరించింది. ఇంట్లోనే కాసిని ఉలవలు ఉడకబెట్టి చూసింది గానీ కుడితినీళ్ళలా పల్చగా వచ్చింది, నేను నోట్లోంచి ఉమ్మేశాను. బానెడు ఉలవలు పొద్దుటి నుంచి మరిగితే తప్ప ఆ చిక్కదనం రాదు. అట్లా నా ప్రాణం ఆ బానకు ముడిపడింది.

సరిగ్గా అప్పుడే ఊరు రెండుగా చీలింది.

చీలడానికి మా వైపు పెద్ద కారణాలు అక్కర్లేదు. పంచాయతీ ఎన్నికల్లో ఏజెంట్లుగా కూర్చున్న ఇద్దరు ఒకరినొకరు తిట్టుకున్నారు. సాయంత్రానికి రాళ్ళు లేచాయి, ఆ తరువాత నాటుబాంబులు. అవ్వ కొడుకు ఒక పార్టీకి ఊర్లో పెద్ద. మా మిద్దె యజమాని రెండో పార్టీ. నాయన ఓటు ఎవరికి వేశాడో అమ్మకు కూడా చెప్పలేదు, అంత భయస్తుడు. అయినా ఎవరి మిద్దెలో ఉంటే వాళ్ళ పార్టీ అని లెక్క. రెండు పక్కలా కట్టడి చేసుకున్నారు. అటువాళ్ళకు ఇటువాళ్ళు నిప్పు ఇవ్వకూడదు, నీళ్ళు ఇవ్వకూడదు, మంచికీ చెడుకూ పిలుపులు లేవు. తిండి సంగతి చెప్పనే అక్కర్లేదు, విషం కలుపుతారని ఇద్దరికీ భయం. మరునాడు అమ్మ చెంబు పట్టుకుని పోతే కొట్టం ముందర కూర్చున్న మగవాళ్ళు, "వచ్చిన దోవనే పోమ్మా" అన్నారు.

అవ్వ లోపలి నుంచి చూసింది. అమ్మ ఖాళీ చెంబుతో వచ్చి నా పక్కన కూలబడింది. ఆ రోజూ, మరుసటి రోజూ నా కడుపులో ఏదీ నిలవలేదు. ఉలవలు ఉడికే వాసనకు మాత్రం పార్టీ కట్టడి లేదు, గోడ దాటి వచ్చేది. ఆ వాసనను నేను గిన్నెతో తాగుతున్నట్టు కల కన్నాను. నిద్రలో నా గొంతు మింగుతూ ఉందని అమ్మ తరువాత చెప్పింది.

మూడో రోజు మధ్యాహ్నం ఎద్దులవ్వ మా గడప ముందు నిలబడింది. చేతిలో పలుపు, పలుపు చివర ఒక పెయ్యదూడ. తల్లి చచ్చిన దూడ, అదీ నాలాగే ఎముకల పోగు.

"అయ్యోరమ్మా, ఈ దూడను నీకు పాలుకు ఇస్తాండా, సాకు" అంది.

పాలుకు ఇవ్వడమంటే దూడ వాళ్ళదే, పెంచేది మనం. పెరిగి పెద్దదైతే చెరి సగం. ఊర్లో పాతకాలం నుంచీ ఉన్న వాడుకే. అవ్వ వెనకే ఆమె కొడుకు పరుగెత్తుకొచ్చాడు.

"ఏందిమా ఇది? ఆ పార్టీ మిద్దె కాడ మన దూడను కడతాండావా?"

"మన దూడ కాదప్పా, నా దూడ. మా పుట్టింటోళ్ళు నాకిచ్చిన ఆవు కడుపున పుట్టింది. పార్టీ నీకుండాది గానీ దూడకు యాడుండాది?"

"ఊర్లో జనం ఏమనుకుంటారు?"

"తల్లి ల్యాని దాన్ని సాకేకి నాకు నడుము వంగదు. ఆయమ్మకు ఓపికుండాది. అనుకునేటోళ్ళను నా కాడికి రమ్మను." తరువాత వీధంతా వినబడేటట్టు గొంతు పెంచింది. "అయ్యోరమ్మా, దూడకు ఉలవకట్టు తాపాల. ల్యాకుంటే ఎముక గట్టిపడదు. దినామూ పొద్దున్నే వచ్చి తీస్కపో. అది శానా తాగుతాది, కడవ తీస్కరా."

అమ్మకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక కొంగు నోట్లో కుక్కుకుంది. అవ్వ లోపల చాప మీద ఉన్న నన్ను ఒక్కసారి తేరిపార చూసింది. పలుపు అమ్మ చేతికి ఇవ్వలేదు, నేల మీద పడేసి వెళ్ళిపోయింది.

మర్నాటి నుంచి అమ్మ కడవ ఎత్తుకుని పోయేది. "దూడకు" అనేది. మగవాళ్ళు పక్కకు జరిగేవాళ్ళు. పుట్టింది మొదలు పశువులతో పెరిగిన మనుషులు వాళ్ళు, అంత చిన్న దూడ కడవెడు కట్టు తాగదని వాళ్ళకు తెలియదా? ఒకాయన ఒకసారి నవ్వు ఆపుకుంటూ, "దూడకు జరం తగ్గిందా అక్కా?" అని అడిగాడు. "తగ్గిందప్పా, నిన్న రెండు గిన్నెలు తాగింది" అంది అమ్మ.

ఇటు పార్టీకి కూడా సంగతి తెలిసింది. మా మిద్దె యజమాని వచ్చి వాకిట్లో నిలబడ్డాడు.

"అయ్యవారూ, ఎవురిదా దూడ?"

నాయన తలుపు చాటుకు జరిగాడు. అమ్మే బయటికి వచ్చింది. "పాలుకు తెచ్చుకున్నామప్పా."

"రేపటికల్లా వాళ్ళ దూడను వాళ్ళకు పంపియ్యండి."

"అట్లే పంపిస్తానప్పా. సగం వాళ్ళది, సగం మాది. తలపక్క పంపేదా, తోకపక్క పంపేదా? నువ్వే తెగ్గొట్టి చెప్పు."

నాయనకు ఆ చలిలో చెమటలు పట్టాయి. యజమాని దూడను చూశాడు, లోపల నన్ను చూశాడు, నా పక్కన ఆవిరి కక్కుతున్న ఎర్రటి గిన్నెను చూశాడు. చిన్నప్పుడు ఆయన తాగిందీ ఆ కొట్టం కట్టే కదా. "వీధిలో నా కంటికి కనపడనీయొద్దు, లోపల కట్టేసుకోండి" అని గొణిగి వెళ్ళిపోయాడు.

అట్లా దూడ ఇంట్లోకి వచ్చింది. నా చాప పక్కనే కట్టారు. ఆ చలికాలమంతా నాకు ఒకే పొడుగాటి కలగా గుర్తుంది. మిద్దె కప్పులోని గవాక్షి నుంచి ఎండ ఒక పలకలా దిగేది. ఆ పలకలోకి పొయ్యి ఆవిరి పోయి మెలికలు తిరిగేది. దూడ నా అరికాళ్ళు నాకేది. దాని నాలుక గరుకు, ఊపిరి వెచ్చన. నేను లేచిందీ పడుకుందీ నాకు తెలిసేది కాదు. ఎప్పుడు కళ్ళు తెరిచినా అమ్మ వీపు, పొయ్యి ఎరుపు, గరిటె తిరిగే చప్పుడు. ఇప్పుడు ఎంత మంచి మందు గోళీ వేసినా అంత నిద్ర రాదు.

అమ్మ రోజూ అదే కట్టును రోజుకో రకంగా మార్చేది. ఒక రోజు చింతపండు పులుసు పిండి, ఎర్రగడ్డలు, అంటే ఉల్లిగడ్డలు, వేసి, కట్టు సగానికి దిగేదాకా మరిగించేది. ఒక రోజు జొన్ననూక వేసి గరిటె నిలబడేటంత చిక్కగా చేసేది. ఆదివారం ప్రార్థన ముగించుకుని గుడి నుంచి వచ్చాక బొమికలు దొరికితే వాటిని ఆ కట్టులోనే మిరియాలతో ఉడికించేది. ఆ రోజు ఇల్లంతా పండగ వాసన. గోధుమ పిండి చెయ్యి తగిలిన గరిటె కూడా నా కుండ దగ్గరికి రానిచ్చేది కాదు. పాలెంలో ఎవరైనా బ్రెడ్డు తెస్తే కడప దాకా వినబడేటట్టు అరిచేది. నాకు తాపగా మిగిలింది దూడకు. దాని మూతికి ఎర్రగా అంటుకునేది, నా మూతికీ అంటుకునేది, అమ్మ ఒకే కొంగుతో ఇద్దరికీ తుడిచేది.

అప్పుడప్పుడు ఊరి మీది నుంచి ఢామ్మని వినబడేది. "ఏంది మా అది?" అంటే, "పొయ్యిలో కట్టె పగిలింది, పండుకో" అనేది అమ్మ. నేను నమ్మేదాన్ని. ఏ కట్టెకు అంత చప్పుడు ఉంటుంది? అయినా ఆమె గొంతులో వెచ్చదనం ఉండేది కాబట్టి నమ్మి పడుకునేదాన్ని.

క్రిస్మస్ నాటికి గోడ పట్టుకుని నడిచాను. ఎండలు ముదిరేసరికి బడికి పోయాను, ఉప్మా డేక్షా వైపు చూడకుండా. దూడ బలిసి, గెంతుతూ కొట్టానికి తిరిగిపోయింది. చెరి సగం లెక్క అవ్వ ఎత్తలేదు, అమ్మా అడగలేదు.

మరుసటి చలికాలం మొదట్లో, జమ్మలమడుగు కోర్టుకు వాయిదాకు పోయి వస్తున్న అవ్వ కొడుకును దారిలో చంపేశారు.

ఊరంతా పోలీసులు దిగారు. కేసుల్లో ఇరికిస్తారని రెండు పార్టీల మగవాళ్ళూ ఊరు విడిచి పారిపోయారు. బడి అయ్యవారని నాయన జోలికి ఎవరూ రాలేదు. బస్సులు ఆగిపోయాయి, చుట్టాలు వచ్చే దారి లేదు. పోలీసుల కాపలాలోనే మట్టి చేశారు. కోడలినీ పిల్లలనూ ఊర్లో ఉంటే ప్రమాదమని ఆ సాయంత్రమే జీపులో ఆమె పుట్టింటికి పంపించేశారు. అవ్వ మాత్రం ఎద్దులను వదిలి రానని కూర్చుంది. చావు ఇంట్లో పొయ్యి వెలిగించరు, ఇరుగుపొరుగు వండి తెచ్చి పెట్టాలి. ఆమె పార్టీ ఆడవాళ్ళు భయంతో తలుపులు వేసుకున్నారు. ఇంక తెచ్చేదెవరు?

మర్నాడు పొద్దున నేను లేచేసరికి గాలిలో పొగ వాసన లేదు. బాన పొయ్యి మీద బోర్లించి ఉంది. ఎద్దులు మాత్రం ఆగకుండా అరుస్తున్నాయి.

అమ్మ ఆ అరుపులు కాసేపు విన్నది. తరువాత, అమ్మమ్మ నా కోసం పులివెందుల నుంచి పంపిన ఉలవల మూట దించింది. చలికాలమంతటికీ దాచినవి. అన్నీ పోసేసింది. మా కుండలు చాలక నాయన బడి నుంచి ఉప్మా డేక్షా తెచ్చాడు, దాన్ని అమ్మ బూడిదతో అరగదీసినట్టు తోమింది.

"అన్నీ పోస్తే మన బిడ్డకు?" అన్నాడు నాయన.

"ఆడ అవి ఆకలికి అరుస్తాంటే ఈడ మన బిడ్డకు ఎట్లా దిగుతాది?"

"పార్టీ వాళ్ళు తిరిగొచ్చినాక తెలిస్తే మనల్ని ఈ మిద్దెలో ఉండనిస్తారా?"

అమ్మ పొయ్యిలోకి కట్టెలు ఎగదోసింది. పొద్దు వాలేదాకా ఉడికించింది. ఉలవలు గంపలోకి వంపింది. చిక్కటి కట్టులో కొర్రలు, వెల్లుల్లి వేసి, నాకు చేసేటట్టే చేసి, చిన్న కుండలో పోసింది. గంప ఎత్తుకోబోయింది. నాయన ఆమెను పక్కకు జరిపి, ఆ గంపను తన తలకెత్తుకున్నాడు. ఓటు ఎవరికి వేశాడో పెళ్ళానికి కూడా చెప్పని మనిషి. ఆయనను నేను అంత ప్రేమించిన రోజు ఇంకోటి లేదు.

దొడ్డివాకిలి దగ్గర పోలీసాయన ఆపాడు. బయటి ఊరివాడు.

"ఏంటది?"

"ఎద్దులకు" అంది అమ్మ.

"ఆ కుండ?"

"దూడకు."

పోనిచ్చాడు. నాయన ఎద్దులు మేసే గాడిలో ఉలవలు పోశాడు. ఎద్దులు ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చాయి, గంటలు మోగాయి. అవ్వ కొట్టం గుంజకు ఆనుకుని కూర్చుని ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి గానీ ఎవరినీ చూడటం లేదు. అమ్మ కుండను కొంచెం దూరంలో నేల మీద పెట్టి, వెనక్కి జరిగింది.

"దూడకు తెచ్చినామ్మా" అంది.

అవ్వ కుండను చూసింది. అది పాలెం వాళ్ళ కుండ. కొడుకును చంపిన పార్టీ మిద్దెలో ఉడికింది. ఈ రెండూ ఆమెకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. నేను అమ్మ కొంగు గట్టిగా పట్టుకున్నాను. ఆమె తాగకపోతే అమ్మ అక్కడే కూలిపోతుందనిపించింది.

అవ్వ ముందుకు వంగి, కుండను రెండు చేతులా ఎత్తి నోటికి ఆనించుకుంది. ఒక గుక్క తాగింది. ఇంకో గుక్క తాగింది. కుండ ఒళ్ళో పెట్టుకుంది.

"ఉప్పు సాల్లేదు, అయ్యోరమ్మా" అంది. అప్పుడు ఏడ్చింది. కొడుకు పోయినాక ఆమె ఏడవడం అదే మొదలని తరువాత విన్నాను.

ఎద్దుల ఉలవల్లో వేసే ఉప్పు జాడీ ఆమె పక్కనే గూట్లో ఉంది. మాకూ కనబడుతోంది, ఆమెకూ కనబడుతోంది. అమ్మ దాని వైపు చూడలేదు. పోలీసాయనను దాటుకుని ఇంటికి పరుగెత్తి, మా ఉప్పు గుప్పిట్లో పట్టుకుని వచ్చింది. అవ్వ అరచెయ్యి చాచింది. అమ్మ అలవాటు కొద్దీ తాకకుండా పైనుంచి రాల్చబోయింది. అవ్వ ఆ చేతిని పట్టుకుని తన చేతిలోకి లాక్కుంది.